ఇరవై దాటని మీటరు

కిషన్‌లాల్ బతుకంతా మీటర్ల మీదే నడిచింది. పాల్వంచ థర్మల్‌లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అతను. ఆవిరికొకటి, నీటికొకటి, వేడికొకటి, వేగానికొకటి, ఎక్కడ ఏ ముల్లు వణికినా కిషన్‌లాల్‌కే కబురు వచ్చేది. వెళ్లి నాలుగు తట్టి, రెండు తిప్పి, ఒకసారి ఉఫ్ఫున ఊదేవాడు. ముల్లు బడిలో పిల్లాడిలా బుద్ధిగా నిలబడేది. చండ్రుగొండ అవతల తండాలో అతని తాతకు మెడగంట చప్పుడు వింటే చాలు, ఆవు ఎంత దూరం పోయిందో తెలిసేదట. మనవడికి మాత్రం ముల్లు చూడందే చాయ్ చల్లారిందో లేదో కూడా తెలియదని భార్య గోరి దెప్పేది.

"మనిషి మాట వేరు, మీటరు మాట వేరు. మనిషి అబద్ధమాడొచ్చుగాని మీటరు ఆడదు" అని కిషన్‌లాల్ రోజుకొకసారైనా అనేవాడు. గోరి ఆ మాటను విని విని నమ్మేసింది. కొంప మునిగింది అక్కడే.

ఇంట్లో ఏ మీటరుకూ అందని ఒత్తిడి గోరిదే. "మా గోరి వద్దంటే ఇంక నాకు గోరీయే" అని కిషన్‌లాల్ క్యాంటీన్లో నలుగురినీ నవ్వించేవాడు. ఇంట్లో ఆ మాట గోరంత కూడా పైకి రానిచ్చేవాడు కాదు.

తొంభై ఆరులో టర్బైన్ పనికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన, పని ముగిసి వెళ్లిపోతూ తన భార్య స్కేట్లను కిషన్‌లాల్ కూతురు మోతీకి ఇచ్చేశాడు. ఇంటర్ చదువుతున్న మోతీ రోజూ సాయంత్రం ఆవిడ కాలనీ రోడ్డు మీద జారుతుంటే గేటు పట్టుకొని చూసేది. ఆ చూపుకు దక్కిన బహుమానం అది. ఒక్కో బూటు కింద నాలుగు చక్రాలు, పక్కపక్కన కాదు, ఒకదాని వెనక ఒకటి, రేషన్ షాపు ముందు జనంలా వరసగా ఉండేవి. పడీ లేచీ, లేచీ పడీ, మోకాళ్లకు అయొడిన్ అద్దకాలు వేసుకొని, చివరికి మోతీ నేర్చేసుకుంది. ఆ తరవాత కాలనీలో ఆ పిల్ల నడిచింది ఎవరూ చూడలేదు. అంతా సర్రున రావడం, సర్రున పోవడం.

కిషన్‌లాల్ ఆ ఇంజనీరును తన కోసం ఒకటే అడిగాడు. ఆయన సైకిలుకు బిగించుకున్న చిన్న స్పీడోమీటరు. అగ్గిపెట్టెంత ఉంటుంది, ముల్లు ఉండదు, అంకెలే కనిపిస్తాయి. దాన్ని కూతురి స్కేటుకు బిగిస్తే? మీటరు లేని వేగం అతనికి పేరు పెట్టని పిల్లలాంటిది.

ఒక ఆదివారం వరండాలో చాప పరిచి పని మొదలెట్టాడు. సారయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. సారయ్య టర్బైన్ ఆపరేటరు, కాలనీ క్లబ్బు కార్యదర్శి కూడా. కొత్తగూడెం బొగ్గుబావి కుటుంబం. టర్బైన్ హోరులో మాట్లాడి మాట్లాడి, రహస్యం చెప్పినా రెండు వీధులకు వినిపించేలా చెప్పేవాడు.

"ఏంది భాయ్, బూటుకు గడియారం కడుతున్నవా? పాదానికి పది గంటలు, మడిమెకు మధ్యాహ్నం!"

"గడియారం గాదు సారన్నా, స్పీడు మీటరు. చక్రానికి ఒక అయస్కాంతం అంటిస్త. ఎదురుంగ ఈ సెన్సరు ఉంటది. అయస్కాంతం దీని ముందలికి వచ్చినప్పుడల్ల ఒక చుట్టు అని లెక్క. చుట్టుకు ఎంత దూరమో మనం మీటరుకు చెప్పాలె. అది హెచ్చేసుకొని స్పీడు చూపిస్తది."

మీటరుతో వచ్చిన పుస్తకంలోని పట్టిక చిన్నపిల్లల సైకిలు చక్రంతో మొదలైంది. అంతకంటే చిన్న చక్రం మీద మనిషి పోతాడని రాసినవాడు ఊహించలేదు. కిషన్‌లాల్ స్కేటు చక్రానికి దారం చుట్టి, దాన్ని స్కేలు మీద పరిచాడు. రెండు వందల యాభై ఒక్క మిల్లీమీటర్లు. మీట నొక్కి పట్టుకుంటే అంకెలు మినుకుమినుకుమన్నాయి. 0251 అని పెట్టాడు. సైకిలు అయస్కాంతం ఊచకు బిగించేది, ఈ చక్రానికి ఊచలే లేవు. పాడైన రేడియో స్పీకరులోంచి అయస్కాంతం ముక్క ఊడదీసి, రెండుగా విరగ్గొట్టి, ఒక సగాన్ని ఆకురాయితో పల్చగా అరగదీసి, చక్రం పక్కన జిగురుతో అంటించాడు. సెన్సరును చట్రానికి నల్ల టేపుతో చుట్టి, తీగను మోతీ ప్యాంటు వెంట పైకి తీసుకెళ్లి, మీటరును నడుం బెల్టుకు తగిలించేలా అమర్చాడు.

సారయ్య చక్రాన్ని వేలితో గిర్రున తిప్పి చెవి పెట్టాడు. "వణుకుతాంది భాయ్. ఒక దిక్కు బరువైంది. టర్బైన్ గిట్ల వణికితె మనం ఊకుంటమా?"

ఊరుకోరు. తిరిగే దేనికైనా ఒక వైపు బరువెక్కితే ఎదురు వైపు అంతే బరువు పెట్టి వణుకు ఆపడం వాళ్లకు అన్నం కలుపుకున్నంత అలవాటు. అంతే బరువున్న ముక్క ఎక్కడుంది? చేతిలోనే ఉంది, విరిగిన రెండో సగం. దాన్నీ అరగదీసి, ఎదురుగా అంటించారు. చక్రం వెన్నలా తిరిగింది. ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. బరువు కోసం పెట్టిన సగం కూడా అయస్కాంతమేనని ఆ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మోతీ వీధిలో ఒక చుట్టు చుట్టి వచ్చి ఇంటి ముందు ఆగింది. గోరి చేటలో బియ్యంతో బయటికి వచ్చింది. "ఏది, చూడనీ" అంటూ కూతురి నడుం దగ్గర వంగింది. గోరికి అక్షరాలు అంతంతే కాని అంకెలు బాగా వచ్చు. అన్నిటికంటే ఎక్కువగా ఎంత పోయిందో గుర్తుపెట్టుకునే మీట కూడా ఉంది ఆ మీటరుకు. అక్కడ నలభై నాలుగు అని ఉంది.

చేట కింద పడలేదుగాని బియ్యం పడ్డాయి.

"నలభై నాలుగా! కాలనీ గేటు కాడ బోర్డు మీద ఏం రాసిండ్రు? ఇరవై! బొగ్గు లారీకి ఇరవై అని రాస్తె, నా బిడ్డ లారీ కంటె పెద్దదా?"

కిషన్‌లాల్‌కు అప్పుడు వెలిగింది. రెండు అయస్కాంతాలు ఎదురెదురుగా ఉంటే ఒక్క చుట్టుకు రెండు లెక్కలు. నలభై నాలుగంటే అసలు ఇరవై రెండే. అదే చెప్పబోయాడు.

"ఆపు. మనిషి అబద్ధమాడొచ్చుగాని మీటరు ఆడదని రోజూ నా చెవుల పోసేది నువ్వే కద?" అంది గోరి. కోపం ముదిరితే ఆమె తెలుగులోంచి లంబాడీలోకి దిగిపోతుంది. ఆ దిగుడులో కిషన్‌లాల్‌కు ఎప్పుడూ దెబ్బ తగలకుండా పోలేదు. చివరికి తెలుగులోకి ఎక్కి తీర్పు చెప్పింది: "ఇరవై. బోర్డు మాటే నా మాట. మీటరు మీద ఇరవై దాటితె ఆ బూట్లు పెట్టెల పడతయ్."

మోతీ తల్లి చేయి పట్టుకుంది. "దాట యాడీ. నీ మీద ఒట్టు."

మోతీతో ఉన్న చిక్కు అదే. ఆ పిల్ల ఒట్టు వేస్తే నిలబెట్టుకుంటుంది. కడుపులో ఏదున్నా రాత్రికల్లా తల్లికి చెప్పేస్తుంది.

రెండో సగం ఊడదీసి, అక్కడ అంతే బరువున్న సీసం ముక్క పెట్టాడు కిషన్‌లాల్. లెక్క సరిపోయింది. అరువు తెచ్చిన స్కూటరు పక్కన మోతీని జారించి చూసుకున్నాడు కూడా. స్కూటరు ఎంత చూపిస్తే స్కేటు మీటరూ అంతే చూపించింది. అంతా సవ్యంగా ఉంది అనుకుంటుండగా సారయ్య గేటు దగ్గర్నుంచే అరుచుకుంటూ వచ్చాడు.

"భాయ్! హైదరాబాదుల స్కేటింగ్ సెలక్షన్. క్లబ్బు తరఫున ఒక్కరినే పంపాలె. ప్లాంటు పెద్ద సారు కొడుకు పేరు రాయమని నన్ను పీక్కు తింటుండ్రు. వచ్చే ఐతారం నా స్కూటరు పక్కన మోతి ఉరకాలె. పాతిక దాటిందా, నా పెన్ను మోతి పేరే రాస్తది. దాటలేదా, నా నోరు మూతబడ్డట్టే."

"నీ స్కూటరు మీటరు నమ్మొచ్చా సారన్నా?"

"నువ్వే కద బాగుచేసినవ్! మునుపు స్టాండు మీద నిలబెట్టినా నలభై చూపిస్తుండె. ఇంట్ల కూసొనే భద్రాచలం పోయొచ్చినట్టుండె నాకు."

మోతీ కళ్లు అప్పుడు మెరిసిన మెరుపు కిషన్‌లాల్ చూశాడు. చూడకపోతే బాగుండేది.

ఇంట్లో ఇరవై, బయట పాతిక. ఆ రెండింటి మధ్య ఐదే తేడా. ఆ ఐదులో కిషన్‌లాల్ ఊపిరి ఇరుక్కుంది. ఇరవైకీ ఇరకాటానికీ ఏదో దగ్గరి చుట్టరికం ఉన్నట్టుంది. సారయ్యను బతిమాలాడు.

"ఇరవైకి తగ్గించరాదే?"

"సెలక్షనా, సొరకాయల బేరమా భాయ్?"

గోరిని బతిమాలాడు.

"పాతికకు పెంచరాదే?"

"నువ్వు పెంచు. పిల్లను నేను పెంచుతున్న."

ఆ శనివారం మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి వచ్చి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చాప మీద కూర్చున్నాడు. మాట మార్చలేని చోట మీట నొక్కాడు. 0251 మినుకుమినుకుమంది. రెండును ఒకటి చేశాడు. 0151. అంకె మారింది, అతనికి జంకు రాలేదు. ఇకమీద ముప్పై పోతే మీటరు పద్దెనిమిదంటుంది. గోరికి ఇరవై లోపలే, సారయ్యకు పాతిక పైనే. ఎవరి లెక్క వాళ్లకు సరి. మోతీకి చెప్పాలా? చెబితే రాత్రికల్లా తల్లికి చేరుతుంది. చెప్పలేదు. ఇంటిల్లిపాదికీ తాను చేస్తున్నది ఉపకారం అనుకున్నాడు. అది తెల్లారేసరికి ఉప్పూ కారం అవుతుందని తెలిస్తే, ఆ మీటను నోట్లో వేసుకొని మింగేవాడు.

ఆదివారం పొద్దున నలుగురూ కాలనీ దాటి కొత్త రోడ్డుకు వెళ్లారు. అడవి వైపు అప్పుడే తారు వేసిన రోడ్డు అది. బళ్లను ఇంకా వదల్లేదు. టేకు చెట్ల మధ్య నున్నగా దిగుతుంది. దిగువన కల్వర్టు, కల్వర్టు అవతల రోడ్డు నిండా మిరపకాయలు. నున్నటి తారు కనబడితే మిర్చి రైతులు ఆగలేరు. పిచ్చమ్మ అనే ఆవిడ పొద్దున్నే తన పంటంతా అక్కడ పరిచి చెట్టు కింద కూర్చుంది.

"మోతీ, చూసినవా? నీ కోసం ఎర్ర తివాచీ పరిచిండ్రు!" అన్నాడు సారయ్య స్కూటరు కిక్కు కొడుతూ.

"అంత దూరం పోను పెదనాన్నా. ఇరవై లోపల ఉంటె కల్వర్టు కాడ్నే ఆగుత. రోజూ చూసుకుంటున్న కద" అంది మోతీ. బెల్టుకు మీటరు తగిలించుకుంది. తల్లి వైపు చూసి వేళ్లతో ఇరవై చూపించింది. గోరి తల ఊపింది.

కిషన్‌లాల్ మనసులోనే లెక్క వేశాడు. ఇరవై లోపల అయితే ఆగుతుంది. ఏ ఇరవై?

ఆ ప్రశ్న గొంతులోకి వచ్చేలోపే ఇద్దరూ బయల్దేరారు.

మోతీ వంగింది. కుడి కాలు, ఎడమ కాలు, కుడి కాలు. పక్కన స్కూటరు. సగం దిగకముందే సారయ్య హారను మోగించడం మొదలెట్టాడు. అంటే పాతిక దాటింది, పరీక్ష అయిపోయింది. అది సంతోషం హారను. మోతీ నడుం వైపు తల వంచి చూసుకుంది. అక్కడ పదిహేను చూపిస్తుందని కిషన్‌లాల్‌కు పైనుంచే తెలుసు. పదిహేను చూసిన పిల్లకు ఆ హారను ఎలా వినిపిస్తుందో కూడా తెలుసు: చాలదు, ఇంకా, ఇంకా. మోతీ ఇంకా వంగింది. చేతులు ఇంకా విసిరింది. క్షణానికోసారి మీటరు చూసుకుంటోంది. తల్లికిచ్చిన మాట తప్పకూడదని చూసుకుంటోంది. తల వంచిన ప్రతిసారీ రోడ్డు ఆమెకు కనబడకుండా ముందుకు జరిగిపోతోంది.

"ఇరవై లోపలనే ఉన్నది కద?" గోరి అడిగింది, నెమ్మదిగా, నమ్మకంగా.

అరవాలి. అరిస్తే గోరికి తెలిసిపోతుంది. అరవకపోతే... ఏళ్ల తరబడి ప్రతి ముల్లునూ వేలితో నిలబెట్టిన మనిషికి ఆ వాలులో పట్టుకోవడానికి ఏ ముల్లూ లేదు, నొక్కడానికి ఏ మీటా లేదు.

"అవ్" అన్నాడు ముందు. అన్న వెంటనే పరుగు తీశాడు. "మోతీ! ఆగు! మీటరు తప్పు! మీటరు తప్పు బిడ్డా!"

గొంతు టేకుచెట్ల దాకా పోయి అక్కడే ఆగిపోయింది. కల్వర్టు దగ్గర సారయ్య భయపడి బ్రేకు తొక్కాడు. మోతీ ఆగలేదు. ఆగాలనుకుంది, మడమ నొక్కింది, ఒళ్లంతా వెనక్కి వాల్చింది. చక్రాలు వినలేదు. తివాచీ మధ్యకు దూసుకుపోయి పడింది. ఎర్రగా దుమ్ము లేచింది.

"నా మిరపకాయలు! ఎవతివే నువ్వు?" అని పిచ్చమ్మ చెట్టు కింద నుంచి లేచింది. దగ్గరికి వచ్చి పిల్ల మొహం చూడగానే గొంతు మారిపోయింది. "అయ్యో నా తల్లీ, కండ్లు నలపకు! నలపకే!" బిందెడు నీళ్లు తెచ్చి మోతీ తల మీద కుమ్మరించింది. "ఇంకో బిందె తెస్త, కదలకు. మిరపకాయలు పోతె పోయినయ్."

కిషన్‌లాల్ చేరేసరికి మోతీ కూర్చొని ఉంది. ఎడమ మణికట్టు వంకరగా వేలాడుతోంది. కళ్లు తెరవలేకపోతోంది. పిచ్చమ్మ నీళ్లు పోస్తూనే ఉంది, సారయ్య దగ్గుతూనే ఉన్నాడు. గోరి వచ్చి కూతురి ముందు కూలబడింది.

"యాడీ, నేను మాట తప్పలే. మీటరు చూడు."

గోరి మీట నొక్కింది. అన్నిటికంటే ఎక్కువ: 19.8.

"లేదు, తప్పలే" అంది గోరి. కొంగుతో కూతురి మొహం అద్దింది. తరవాత భర్త వైపు తిరిగింది. "ఇరవై గూడ ఎక్కువే అయ్యింది. నాదే తప్పు. పది అనాల్సింది."

"ఇరవై ఏంది చెల్లె? నా బండి ముప్పై మూడు చూపించింది!" అన్నాడు సారయ్య. "భాయ్, నువ్వు బాగు చేసినంక గూడ నా మీటరు తప్పు చూపిస్తాందా ఏంది?"

కిషన్‌లాల్‌కు అక్కడొక తలుపు తెరుచుకుంది. అవ్ సారన్నా, నీదే తప్పు అంటే చాలు. గోరి ముందు పరువు నిలుస్తుంది. వాలులో తాను అరిచిన 'మీటరు తప్పు' ఏ మీటరు గురించో ఎవరికీ అర్థమైనట్టు లేదు. నోరు తెరిచాడు.

అప్పుడు మోతీ ఏడ్చింది. దెబ్బకు కాదు.

"బాపూ, ఇరవై లోపలనే ఆపుకోలేకపోయిన. రోజూ ఆగుతుంటి కద. నాకు అసలు స్కేటింగే రాదు బాపూ."

"వస్తది బిడ్డా." అతను కూతురి పక్కన కూర్చున్నాడు. "సారన్న మీటరు తప్పు గాదు. నీదే తప్పు... నీది గాదు. నేనే మార్చిన. నిన్న. మీ యాడీకి తక్కువ చూపియ్యాలని. నువ్వు పోయింది ముప్పై మూడు."

గోరి లంబాడీలోకి దిగలేదు. వంగి కూతురి బూట్ల తాళ్లు ఒక్కొక్కటే విప్పింది. రెండూ చేతికి తగిలించుకొని లేచింది. మీటరును మాత్రం తీగతో సహా తెచ్చి భర్త జేబులో వేసింది. "నువ్వే పెట్టుకో. నీ లెక్కనే మాట్లాడుతది" అంది. ఎంత మెల్లగా అందంటే సారయ్యకు కూడా వినబడలేదు.

దవాఖానాలో మోతీ చేతికి కట్టు వేశారు. కట్టు విప్పేసరికి హైదరాబాదు సెలక్షన్ దాటిపోతుంది. సారయ్య ఇంటికి వచ్చి, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి చెప్పాడు. "పెద్ద సారు కొడుకు పేరు రాసిన భాయ్. నా చెయ్యి రాసింది, నేను రాయలే." కిషన్‌లాల్ తల ఊపాడు. కూతురి చేతికి కట్టు ఉంది. చెప్పడానికి తన దగ్గర కట్టుకథ కూడా మిగల్లేదు.

స్కేట్లు గోరి పెట్టెలో ఉన్నాయి. చక్రాల్లో ఇంకా మిరపగింజలు ఉండే ఉంటాయి. కిషన్‌లాల్ మీటరులో మళ్లీ 0251 పెట్టాడు. ఎవరూ పెట్టమనలేదు, పెట్టాక ఎవరూ చూడలేదు. పెద్ద సారు కొడుకు ఎంత వేగం పోతాడో సారయ్యను అడగాలనుకున్నాడు. అడగలేదు. ప్లాంటులో ముళ్లన్నీ ఎప్పటిలాగే అతని వేలికి లొంగి నిలబడుతున్నాయి.

మోతీ సాయంత్రాలు వరండా మెట్టు మీద కూర్చొని రోడ్డు చూస్తుంది. తండ్రి షిఫ్టు దిగి సైకిలు ఆపగానే రోజూ ఒకటే అడుగుతుంది.

"బాపూ, నిజంగ ముప్పై మూడేనా?"

"నిజంగనే బిడ్డా."

"నాకు ఇప్పుడు ముప్పై మూడు అంటే ఎట్లుంటదో తెలుస్తలేదు. ఆ రోజు నాకు ఇరవై లెక్కనే అనిపించింది."

"ముప్పై మూడే. సారన్న స్కూటరు గూడ గంతే చూపించింది. ఆయన్నే అడుగు."

మోతీ కట్టు మీద పెన్నుతో గీసిన చిన్న చక్రాన్ని వేలితో తడిమింది. కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉన్నా బాగుండేది.

"ఆయన మీటరు బాగుచేసింది గూడ నువ్వే కద బాపూ."

కిషన్‌లాల్ సైకిలు స్టాండు వేశాడు. అది సరిగ్గా పడలేదు. మళ్లీ వేశాడు.